నీళ్లలో విచ్చిపోతున్న బంగాళాదుంప ఉండలు

ప్రశ్న: అక్కా, నేను జర్మనీలో, యేనాలో ఎమ్మెస్ చేస్తున్నా. సాయంత్రం నాలుగున్నరకే చీకటి, బయట గడ్డకట్టే చలి. క్రిస్మస్‌కి ఓనరమ్మ భోజనానికి పిలిచి క్లోసె అని బంగాళాదుంప ఉండలు పెట్టారు, వేడివేడిగా తింటుంటే ప్రాణం లేచొచ్చింది. నేను చేస్తే మాత్రం నీళ్లలో వేసిన రెండు నిమిషాలకే విచ్చిపోయి గంజి అయింది. పచ్చి దుంప తురిమి బాగానే పిండాను, తప్పెక్కడ?

జవాబు: పిండిన నీళ్లు ఏం చేశావో రాయలేదు, సింకులో పోసేసి ఉంటావు, పట్టు అంతా అక్కడే పోయింది. ఆ నీళ్లని కదపకుండా ఓ పావుగంట ఉంచి, పైన తేరిన గోధుమరంగు నీళ్లు మెల్లగా వంచేసి చూడు, గిన్నె అడుగున తెల్లగా తడి సుద్దలా అంటుకుని ఉంటుంది, స్పూనుతో గీకితే గానీ రాదు, అదే స్టార్చ్. దాన్ని మళ్లీ తురుములో కలపాల్సిందే.

నువ్వున్నది తురింగియా రాష్ట్రం కాబట్టి అక్కడి పద్ధతే చెప్తా. రెండొంతులు పచ్చి దుంప, ఒక వంతు ఉడికించింది, అంటే కిలో పచ్చిదానికి అరకిలో. సంచీ మీద మేలిష్‌కోఖెండ్ అని ఉన్న పిండి దుంపలే తీసుకో, ఫెస్ట్‌కోఖెండ్ అనే గట్టి రకం సలాడ్‌కి తప్ప దీనికి పనికిరాదు. పచ్చి తురుముని గుడ్డలో మూటగట్టి చేతులు నొప్పెట్టేదాకా పిండు, పొడిపొడిగా రాలాలి. ఉడికినదాన్ని అది ఉడికిన నీళ్లు కాసిని పోసి జారుగా మెదిపి, పొగలు కక్కుతుండగానే ఉప్పేసిన తురుము మీద పోసి గబగబా కలిపెయ్, ఆ వేడికే పచ్చి స్టార్చ్ జిగురెక్కి ముద్ద దగ్గరకొస్తుంది, చల్లారాక కలిపితే ఎంత పిసికినా లాభం లేదు. చేతులు తడి చేసుకుని, వెన్నలో వేయించిన బ్రెడ్ ముక్కలు రెండు మూడు మధ్యలో పెట్టి ఉండలు చుట్టు.

ఇంకోటి, నీళ్లు తెర్లుతుంటే వెయ్యకు! ఉప్పునీళ్లు మరిగాక మంట తగ్గించి, కుదుపు ఆగాక వెయ్, ఇరవై నిమిషాలు పడుతుంది, పైకి తేలతాయి. ముందు ఒక్కటే వేసి చూడు, విచ్చితే మిగతా ముద్దలో ఒక స్పూను కార్టోఫెల్‌స్టెర్కె, అంటే బంగాళాదుంప స్టార్చ్ పొడి, కలుపు, ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటుంది.

తినేటప్పుడు కత్తితో కొయ్యకు, ఫోర్క్‌తో చీల్చు, గరుకు అంచులకి గ్రేవీ బాగా పడుతుంది, పక్కన పుల్లతీపి ఎర్ర క్యాబేజీ ఉంటే ఇంకేం కావాలి. మిగిలినవి పారెయ్యకు, మర్నాడు చక్రాల్లా కోసి వెన్నలో ఎర్రగా వేయించుకో, నాకైతే ముందురోజు కంటే అవే ఇష్టం.