కొత్త బనియను వీపుకు ఎందుకు అతుక్కుంటుంది?

ప్రశ్న: పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట నా పని. కొత్తగా కొన్న తెల్ల బనియన్లు చేతికి వెన్నలా తగులుతున్నాయి గానీ, వేసుకున్న గంటకే వీపుకు అతుక్కుపోతున్నాయి. మూడేళ్ల నాటి పాతదే హాయిగా ఉంది. రెండూ నూలువే. తేడా ఎక్కడ?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఆ వెన్నలాంటి మెత్తదనంలోనే ఉంది. తిరుప్పూరులో పంతొమ్మిదేళ్లు అద్దకం యూనిట్‌లో పనిచేసి బొబ్బిలికి తిరిగి వచ్చినవాణ్ణి. దుకాణంలో బట్టను రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవారే గానీ, నీళ్లు చల్లి చూసేవారు ఎవరున్నారు? అందుకే చివరి తొట్టెలో సాఫ్ట్‌నర్ కలుపుతారు. కొవ్వు రకమో, సిలికానో దారం మీద సన్నని పొరగా పట్టుకుంటుంది. పోగులు సులువుగా జారతాయి, బట్ట మెత్తబడుతుంది. కానీ అలాంటి చాలా పొరలకు నీళ్లంటే పడదు. చెమటను బట్ట పీల్చదు, అది చర్మం మీదే నిలిచి కారిపోతుంది. లీటరు చెమట ఒంటి మీద ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కారిపోయిన చెమటతో ఆ చల్లదనం దక్కదు. మీ పాత బనియను పొర ఉతుకులకు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది.

కొత్తదాన్ని గిన్నె మూతికి బిగించి ఒక చుక్క నీళ్లు వేయండి. పూసలా మెరుస్తూ నిలబడితే దోషం పొరదే. పాతదాని మీద చుక్క చప్పున ఇంకిపోతుంది. మేము గడియారం పట్టుకుని చేసిన పరీక్ష ఇదే. ఒకసారి నిమిషం దాటినా చుక్క ఇంకలేదు. ‘చేతికి బాగుందిగా, పంపించేయ్’ అన్నాడు యజమాని!

బయోవాష్ చేసినవి వేరు. ఎంజైమ్‌తో నూగు తీసేస్తారు కనుక, నునుపైన బట్ట ఒంటికి ఎక్కువ చోట తగిలి, తొడగగానే చల్లగా తోస్తుంది. బ్రష్‌తో నూగు లేపిన బట్టలో గాలి కదలక వెచ్చగా ఉంటుంది. అరకు చలికి బాగు, మీ పొయ్యి దగ్గర శిక్ష. ఛాతీ నిండా రబ్బరు బొమ్మ అచ్చువేసిన టీషర్టు జోలికి అసలు పోకండి, బొమ్మ ఉన్నంత మేర ఆవిరి బయటికి పోదు.

తెల్లవే కాబట్టి రంగు బెంగ లేదు. వేడినీళ్లలో కాస్త చాకలి సోడా, సబ్బుపొడి వేసి రెండు మూడుసార్లు ఉతికించండి. కొవ్వు రకమైతే చాలావరకు వదులుతుంది, సిలికాన్ మొండిది. జాడించే నీళ్లలో ఇంట్లో ఎవరైనా సువాసన ద్రవం పోస్తున్నారేమో కనుక్కోండి, అదీ ఈ జాతిదే. తరువాత మళ్లీ చుక్క వేయండి. అప్పటికీ పూసలాగే నిలిస్తే వాటిని చలికాలానికి దాచుకోండి.