సంతకం పెట్టారు సరే, దేనికి పెట్టారు?

ప్రశ్న: లాయర్ గారూ, నాకు 31 ఏళ్లు. బుగ్గల మీద మంగు మచ్చలు ఉండేవి. 'మచ్చలు 100 శాతం మాయం' అన్న ప్రకటన చూసి ఒక ఎస్థెటిక్ క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరు గారు ఐదు నిమిషాలు చూసి కెమికల్ పీల్ (రసాయనం పూసి చర్మం పై పొర ఊడేలా చేయడం) చేశారు. నెల తర్వాత ఆరు సిట్టింగుల లేజర్ ప్యాకేజీ అని చెప్పి డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నారు. రెండు సిట్టింగులు బాగానే గడిచాయి. మూడోసారి డాక్టరు లేరు. టెక్నీషియన్ అమ్మాయి "ఈసారి కొంచెం పవర్ పెంచుతా, రిజల్ట్ తొందరగా వస్తుంది" అంటూ చేసింది. మంటగా ఉందని చెప్పినా ఆపలేదు. ఆ రాత్రికే బొబ్బలు లేచాయి. పక్కు కట్టి, అది రాలాక మంగు కంటే నల్లటి మచ్చ మిగిలింది. ఇది జరిగి 14 నెలలైంది. అడిగితే "ఫారం మీద సంతకం పెట్టారుగా, ఒక్కోసారి ఇలా అవుతుంది" అంటున్నారు. మిగిలిన మూడు సిట్టింగుల డబ్బు కూడా తిరిగివ్వం అంటున్నారు. నేను కేసు వేయొచ్చా? పోలీసు కంప్లైంట్ ఇవ్వాలా? ఫారం, బిల్లు, ప్రకటన ఫొటోలు పంపుతున్నాను. నా పేరు రాయొద్దు.

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫారం ముందు చూశాను. మీ కేసు బలం చాలావరకు అందులోనే ఉంది. మీరేమో అదే మీకు అడ్డమనుకుంటున్నారు.

రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. రెండో పేజీ చివర, చీమ తలకాయంత అక్షరాల్లో, కాలిన గాయాలు, రంగు మార్పు రావచ్చని ఒక్క లైను. 'చేయబోయే చికిత్స' అన్న చోట పెన్నుతో 'పీల్' అని రాసి ఉంది. లేజర్ అన్న మాట ఫారం మొత్తంలో ఎక్కడా లేదు. డాక్టరు సంతకం పెట్టాల్సిన గీత ఖాళీ. తేదీ చూస్తే మీరు మొదటిసారి వెళ్లిన రోజుది. అంటే మీరు సంతకం పెట్టింది పీల్‌కి. మీ ముఖం కాలింది లేజర్‌తో. ఆ ఫారం చూపించి లేజర్‌కి ఒప్పుకున్నారనడం కుదరదు.

ఇది నా సొంత లాజిక్ కాదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని విడమరిచి చెప్పింది. ఆవిడ పరీక్ష కోసం లాపరోస్కోపీకి (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడడం) ఒప్పుకుని మత్తులోకి వెళ్లారు. ఆవిడ స్పృహలో లేనప్పుడు తల్లి దగ్గర అనుమతి తీసుకుని డాక్టరు గర్భసంచి, అండాశయాలు తొలగించేశారు. ప్రాణాపాయమేమీ లేనప్పుడు ఒకదానికి ఇచ్చిన అనుమతిని ఇంకోదానికి వాడుకోకూడదని కోర్టు తేల్చింది. ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, వేరే మార్గాలేమున్నాయి, గణనీయమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది... ఇవన్నీ తెలిశాక ఇచ్చిందే నిజమైన అనుమతి అంది. ఎప్పుడో ఎక్కడో జరిగే అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదని కూడా అంది. అయితే మన చామనఛాయ చర్మానికి లేజర్ తర్వాత నలుపు తేలడం ఆ అరుదైన జాబితాలోకి రాదు. చర్మ వైద్యులు దాన్ని పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపర్ పిగ్మెంటేషన్ అంటారు. చర్మం ఛాయ పెరిగేకొద్దీ ఆ ముప్పూ పెరుగుతుంది. మంగు ఉన్నవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అందుకే చాలామంది డాక్టర్లు ముందు చెవి పక్కన చిన్న చోట టెస్ట్ చేసి చూస్తారు. మీకు అలా చేశారా? చేసినట్టు మీ ఉత్తరంలో లేదు.

అదే కేసులో మీరు తెలుసుకోవాల్సిన చేదు నిజం ఒకటుంది. ఆవిడ గెలిచారు. డాక్టరు ఫీజు అడగడానికి వీల్లేదంది కోర్టు. పరిహారం మాత్రం 25,000 రూపాయలు. టీవీలో చూసే కోట్ల పరిహారాలు మనసులో పెట్టుకుని మొదలుపెట్టొద్దు.

అవతలి వకీలు ఏమంటారో కూడా ఇప్పుడే వినండి. "మచ్చ రావడం తెలిసిన కాంప్లికేషనే, నిర్లక్ష్యం కాదు" అంటారు. చట్టం దృష్టిలో ఆ మాటలో బలముంది. ఫలితం రాలేదనో, వికటించిందనో డాక్టరు తప్పు చేసినట్టు కాదు. జాగ్రత్తగా చేసినా ఒక్కోసారి అలా అవుతుంది. కాబట్టి మీ ఫిర్యాదు 'మచ్చ వచ్చింది' దగ్గర ఆగిపోతే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. మూడోసారి మెషీన్ ఎవరి చేతిలో ఉంది, సెట్టింగు పెంచాలని నిర్ణయించింది ఎవరు, మంటగా ఉందన్నా ఎందుకు ఆపలేదు, డాక్టరు ఎక్కడున్నారు... కేసు ఈ నాలుగు ప్రశ్నల మీద నిలబడాలి. వీటికి 'కాంప్లికేషన్' అనేది జవాబు కాదు.

"ఎండలో తిరిగి ఉంటారు" అన్న వాదన కూడా తప్పకుండా వస్తుంది. సిట్టింగ్ తర్వాత ఏం చేయాలో, ఏం చేయకూడదో మీకు కాగితం మీద ఇచ్చారా? వాట్సాప్‌లో పంపారా? ఇచ్చి ఉంటే వెతికి పెట్టండి. ఇవ్వకపోతే అదీ మీ ఫిర్యాదులో ఒక పేరా అవుతుంది.

కేసు ఎక్కడ వేయాలి? వినియోగదారుల కమిషన్‌లో. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి.శాంత కేసులో చెప్పింది. 2019 చట్టం వచ్చాక డాక్టర్లు దాన్నుంచి తప్పించుకున్నారని కొందరు వాదించారు. 2022లో అదీ నిలబడలేదు. (మా వకీళ్లు మాత్రం ఆ చట్టం కిందికి రారని 2024లో అదే కోర్టు చెప్పింది. ఈ మాట డాక్టర్ మిత్రుల దగ్గర ఎత్తితే కాఫీ కూడా పోయరు.)

గడువు రెండేళ్లు. మీకు 14 నెలలు అయిపోయాయి, ఇంకా పది నెలలే ఉన్నాయి. మచ్చ శాశ్వతమని తెలిసిన రోజు నుంచి లెక్కేయాలని వాదించొచ్చు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారమూ కమిషన్‌కి ఉంది. ఆ రెండూ నమ్ముకుని ఆగొద్దు. మూడో సిట్టింగ్ జరిగిన రోజు నుంచే లెక్కేసుకోండి.

క్లినిక్ ఏ ఊళ్లో ఉన్నా, మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. ఏ కమిషన్ అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, చికిత్సకు కట్టిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషనే. కట్టింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. వినియోగదారుల కేసుల ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది కానీ ఏడాది దాటడం మామూలే, దానికి సిద్ధపడండి.

డాక్టర్నీ, క్లినిక్ యజమానినీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. టెక్నీషియన్ చేసిన దానికి ఆమెను పనిలో పెట్టుకున్నవాళ్లు బాధ్యులు. ఆమె జీతం మీద బతికే పిల్ల, కోపమంతా ఆమె మీద పెట్టకండి. కట్టిన డబ్బు, తర్వాత వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు, మానసిక వేదన, కేసు ఖర్చులు విడివిడిగా అడగండి. చేయని మూడు సిట్టింగుల డబ్బు గురించి అసలు టెన్షన్ వద్దు. లోపమున్న సేవకి డబ్బు తిరిగివ్వననడం అనుచిత వ్యాపార విధానమని చట్టంలోనే రాసి ఉంది. 'నాన్ రిఫండబుల్' అని రసీదు మీద కొట్టించినంత మాత్రాన అది మారిపోదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. అదృష్టవశాత్తూ మీ దగ్గర బిల్లుంది.

ఇక ఆ '100 శాతం మాయం' ప్రకటన. దాని స్క్రీన్‌షాట్ తేదీ కనిపించేలా భద్రపరచండి. ఇలాంటి ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయగలదు. ఆ డబ్బు మీకు రాదు. కానీ ఫలితం గ్యారంటీ అన్నవాళ్లు కోర్టులో 'ఎవరం గ్యారంటీ ఇవ్వలేం' అన్నప్పుడు ఆ స్క్రీన్‌షాట్ ముందు పెట్టొచ్చు.

డాక్టరు అర్హత కూడా చూసుకోండి. 'ఎస్థెటిక్ ఫిజీషియన్', 'కాస్మటాలజిస్ట్' అన్న బోర్డులు చూసి చర్మవ్యాధుల్లో ఎండీ అనుకుంటారు జనం. కాకపోవచ్చు. చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాంతో మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్‌లో వెతికితే చదివింది ఏమిటో తెలుస్తుంది. ఎంబీబీఎస్ మాత్రమే అయినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. కానీ ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోకూడదని 2002 నాటి వైద్య నైతిక నిబంధనలు అంటున్నాయి. అసలు అల్లోపతి డాక్టరే కాదని తేలితే కథ మారుతుంది. తాను చదవని వైద్య విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అంది. అలాంటప్పుడు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి కూడా రాయండి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రద్దు చేయగలదు గానీ పరిహారం ఇప్పించలేదు.

పోలీసు కేసు అడిగారు. నా మాట వింటే, దాంతో మొదలుపెట్టకండి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ల మీద క్రిమినల్ కేసుకి మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలంది. దర్యాప్తు అధికారి ముందుగా మరో డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ముఖం శాశ్వతంగా వికృతం కావడం తీవ్ర గాయం కిందికి వస్తుంది. 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. అయితే మీ మచ్చ శాశ్వతమని ఇంకా ఎవరూ తేల్చలేదు. ఇలాంటి నలుపు నెలల తరబడి ఉండి మెల్లగా తగ్గడమూ ఉంది. తగ్గాలనే కోరుకుందాం. టెక్నీషియన్ ఒక్కతే డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజూ మెషీన్లు నడుపుతోందని ఆధారం దొరికితే అప్పుడు మళ్లీ రాయండి.

కోపంతో క్లినిక్ పేరు పెట్టి సోషల్ మీడియాలో రాయొద్దు. జరిగింది జరిగినట్టు రివ్యూ రాయడం వేరు, 'మోసగాళ్లు, దొంగ డాక్టరు' అనడం వేరు. రెండోదానికి పరువు నష్టం నోటీసు వస్తుంది. ఆ రోజు నుంచి మీరు మీ కేసు వదిలేసి వాళ్ల కేసు చూసుకోవాలి. రాజీకి పిలిస్తే వెళ్లండి, కానీ 'ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు' అన్న కాగితం మీద, చికిత్సకి ఇంకెంత అవుతుందో తెలియకుండా సంతకం పెట్టకండి. ఒకసారి చదవకుండా పెట్టిన సంతకం గురించే కదా ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం.

ఈ వారంలో చేయాల్సినవి చెప్తాను. ముందు వేరే చర్మ నిపుణుడికి చూపించండి, ప్రభుత్వ ఆసుపత్రి అయితే మరీ మంచిది. మచ్చ దేనివల్ల వచ్చిందో, ఎంత చికిత్స కావాలో రాసివ్వమని అడగండి. ప్రతి వైద్య కేసులో నిపుణుడి సాక్ష్యం ఉండి తీరాలని లేదని 2010లో వి.కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ కాగితం ఉంటే కమిషన్ ముందు సగం వాదించే పని తప్పుతుంది. బొబ్బల ఫొటోలు తీసిన ఫోన్ మార్చకండి, అమ్మకండి. ఫొటోలు, చాట్‌లు ఎలక్ట్రానిక్ సాక్ష్యం, వాటితోపాటు అవి ఏ ఫోన్ నుంచి ఎలా తీసినవో చెప్పే సర్టిఫికెట్ దాఖలు చేయాలి. అసలు ఫోన్ మీ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

లీగల్ నోటీసు ఇప్పుడే వద్దు. నోటీసు అందగానే రికార్డు 'సర్దుకునే' క్లినిక్‌లు ఉంటాయి. ముందు రికార్డు అడగండి. పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. తిట్లు, బెదిరింపులు లేకుండా ఇంతే రాయండి: "నేను మీ క్లినిక్‌లో పీల్, లేజర్ చికిత్స తీసుకున్నాను. నా కేస్ షీటు, ప్రతి సిట్టింగ్‌లో వాడిన మెషీన్ పేరు, సెట్టింగులు, చేసినవారి పేరు, అర్హత, ముందూ తర్వాతా తీసిన ఫొటోలు, నేను సంతకం చేసిన అన్ని ఫారాల నకళ్లు 72 గంటల్లో ఇవ్వగలరు." స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి, అదే ఈమెయిల్‌లోనూ పెట్టండి. ఇస్తే రెండో సిట్టింగ్ సెట్టింగు, మూడో సిట్టింగ్ సెట్టింగు పక్కపక్కన పెట్టి నాకు పంపండి. నాలుగో రోజుకీ ఇవ్వకపోతే ఆ రసీదు పంపండి, ఫిర్యాదు డ్రాఫ్ట్ అక్కడి నుంచి మొదలుపెడదాం.