‘తను హెల్ప్ చేస్తుంది’ అని రాశారు మీరు

ప్రశ్న: నేనూ, నాతో చదువుకున్న స్నేహితురాలూ పదకొండేళ్లుగా కలిసి ఆర్కిటెక్చర్ ఆఫీసు నడుపుతున్నాం. వాటా చెరిసగం. డబ్బు దగ్గర ఏనాడూ మాటామాటా అనుకోలేదు. ఈమధ్య మేం కట్టిన ఒక లైబ్రరీ గురించి పత్రికలో వచ్చింది. ఫోటో నాదే, మాటలూ నావే వేశారు. విలేకరి నాకే ఫోన్ చేశాడు, నేనేం చేయను? అప్పుడు తను ఏమీ అనలేదు. వారం తర్వాత ‘ఇకమీదట నా ప్రాజెక్టులు నా పేరు మీదే విడిగా చేసుకుంటాను’ అని మెయిల్ పెట్టింది. పక్క టేబుల్ దగ్గర కూర్చుని మెయిల్! డిజైన్ నేను చేస్తాను. డ్రాయింగుల్లో తను చాలా హెల్ప్ చేస్తుంది, సైటు పని కూడా తనే చూసుకుంటుంది. ఏ వేదిక ఎక్కినా నేను ‘మేము’ అనే అంటాను. ఉద్యోగాలు మానేసినప్పుడు రిస్కు కూడా ఇద్దరం సమానంగానే తీసుకున్నాం. మొదటి రెండేళ్లూ రాబడి లేక నేను మా నాన్నగారింట్లోనే ఉన్నాను, తను సాయంత్రాలు కాలేజీలో పాఠాలు చెప్పుకుంది. వచ్చే నెల ఇదే లైబ్రరీని ఒక అవార్డుకు పంపాలి. దరఖాస్తులో ‘ప్రధాన ఆర్కిటెక్ట్’ అని ఒక్క పేరే అడిగారు. నేనెవరి కష్టమూ దోచుకోలేదు. మరి తప్పెక్కడ జరిగింది?

జవాబు: మీరు దోచుకోలేదు, నిజమే. దోచుకుని ఉంటే నా పని తేలికయ్యేది. తిరిగిచ్చేయండి అని ఒక్క వాక్యం రాసి ఊరుకునేదాన్ని.

మీ ఉత్తరంలో క్రియల కింద గీతలు గీస్తూ చదివాను. మీరు ‘చేస్తారు’. ఆమె ‘హెల్ప్ చేస్తుంది’, ‘చూసుకుంటుంది’. మీ స్కెచ్‌లో ఒక గీత ఉంటుంది. అది గోడ కావాలంటే ఎంత మందం ఉండాలి, కిటికీ ఎంత ఎత్తులో రావాలి, పై కప్పు మీద పడిన వాన నీళ్లు ఎటు పోవాలి, మధ్యాహ్నం ఎండ పుస్తకాల మీద పడకుండా చదివేవాళ్ల బల్ల మీదికి వెలుతురు ఎలా రావాలి? ఇవన్నీ తేల్చినవాళ్లు డిజైన్ చేసినట్టా, డిజైన్‌కి సాయం చేసినట్టా? ఈ మాట నాకు చెప్పక్కర్లేదు. ఆ లైబ్రరీలో మీకు బాగా నచ్చిన మూల ఒకటి తలుచుకుని, అది అలా కుదరడానికి ఎవరి నిర్ణయం కారణమో గుర్తుచేసుకోండి చాలు.

ఇక ఆ ‘సమానమైన రిస్కు’. దీని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అసలు ముడి ఇక్కడే ఉందని నా అనుమానం. ఇద్దరూ ఉద్యోగాలు మానేశారు, అంతవరకు సమానమే. కానీ ఓడిపోతే మీరు పడేది మీ నాన్నగారింట్లో. ఆమెకు అలాంటి చోటు లేదు కాబట్టే పాఠాలు చెప్పుకుంది. ఆ సాయంత్రాలు ఏం జరిగిందో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. ఇల్లు కట్టించుకునేవాళ్లు తమ పనులు ముగించుకుని మాట్లాడటానికి వచ్చేది సాయంత్రమే కదా. ఆ వేళకు ఆఫీసులో ఉన్నది ఎవరు? ఎవరి నంబరు వాళ్ల ఫోన్లలో చేరింది? వాళ్లే ఇంకొకరికి చెప్పారు, ఆ ఇంకొకరికీ మీ నంబరే ఇచ్చారు. పదకొండేళ్ల తర్వాత విలేకరి మీకే ఫోన్ చేశాడంటే అందులో యాదృచ్ఛికం ఏమీ లేదు. నాన్నగారి ఇల్లు మీకు అద్దె ఒక్కటే మిగల్చలేదు, ఆ సాయంత్రాలన్నీ ఇచ్చింది. మీరు అడిగి తీసుకున్నది కాదు గనక అది మీ లెక్కలోకి రాలేదు.

మీకు అనుకూలమైన మాట కూడా ఒకటి ఉంది. 1979లో ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంటి పనుల్లో మీ వంతు ఎంత అని భార్యాభర్తలను విడివిడిగా అడిగి కూడితే, చాలా జంటల్లో మొత్తం నూటికి మించిపోయింది. ఎవరి కష్టం వాళ్లకు బాగా గుర్తుంటుంది. కాబట్టి ఆమె లెక్కలోనూ కాస్త ఎక్కువ పడి ఉండొచ్చు. అందుకే శాతాల పేచీకి దిగకండి, అది తెగదు.

నాకూ ఈ విషయంలో ఒక మచ్చ ఉంది. ఒక సహోద్యోగినితో కలిసి చాలాకాలం శిక్షణ తరగతులు నడిపాను. పోస్టర్ మీద ఎప్పుడూ ముందు నా పేరే. అక్షరక్రమంలో వేశారనుకునేదాన్ని. ఆవిడ ఒకరోజు నవ్వుతూ అడిగాక చూసుకుంటే, అక్షరక్రమంలో ఆవిడ పేరే ముందుంది.

‘మేము అంటాను కదా’ అన్నారు. మీ రంగం నుంచే చెబుతాను. ఆర్కిటెక్చర్‌లో అతి పెద్ద గౌరవం అనుకునే ప్రిట్జ్‌కర్ బహుమతిని 1991లో అమెరికన్ ఆర్కిటెక్ట్ రాబర్ట్ వెంచురికి ఒక్కడికే ఇచ్చారు. ఆయన భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్ అప్పటికి ఇరవై ఏళ్లకు పైగా అదే సంస్థలో భాగస్వామి. వెంచురి బహుమతి అందుకుంటూ ఆమె గురించి మెచ్చుకోలుగానే మాట్లాడాడు. ఆమె మాత్రం ఆ వేడుకకు వెళ్లలేదు. 2013లో ఆమె పేరు కూడా చేర్చమని వేలమంది సంతకాలు పెట్టారు, వెంచురి కూడా పెట్టాడు. పాత జ్యూరీ నిర్ణయాన్ని తిరగదోడలేం అన్నారు. అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ బంగారు పతకం ఇద్దరికీ కలిపి దక్కేసరికి 2016 వచ్చింది. మైకు ముందు చెప్పిన మంచి మాట రికార్డులోకి ఎక్కలేదు.

1903 భౌతికశాస్త్ర నోబెల్ సంగతి దీనికి ఎదురు. ఫ్రాన్స్ నుంచి వెళ్లిన ప్రతిపాదనలో బెకెరెల్, పియరీ క్యూరీల పేర్లే ఉన్నాయి, పియరీతో కలిసి పరిశోధన చేసిన భార్య మేరీ పేరు లేదు. స్వీడన్‌లో ఒక గణిత శాస్త్రవేత్త ఆ సంగతి పియరీ చెవిన వేశాడు. నన్ను పరిశీలిస్తున్నది నిజమైతే మా ఇద్దరినీ కలిపే పరిశీలించండి అని పియరీ వెంటనే జవాబు రాశాడు. బహుమతి ప్రకటించక ముందే రాశాడు, అందుకే పేరు చేరింది.

ఆమె మెయిల్ పెట్టడం మీకు మొరటుగా తోచింది. నాకు అలా అనిపించలేదు. నోటితో చెప్పినవి నిలవలేదేమో. ఇన్నేళ్లలో ఆమె నవ్వుతూ అన్నవి, మీరు నవ్వేసి వదిలేసినవి రెండు మూడైనా ఉండకపోవు.

కాబట్టి సారీ చెప్పడానికి పెద్ద ప్రసంగం తయారు చేసుకోకండి. మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. గత రెండు మూడు ప్రాజెక్టుల ఫైళ్లు ముందేసుకుని, ఏ నిర్ణయం ఎవరిదో ఆమెనే చెప్పమనండి. మధ్యలో ‘కానీ’ అనకండి. పని కోసం అడుగుతూ మీకొచ్చే ప్రతి మెయిల్‌కూ జవాబు ఇద్దరి పేర్లతో, ఇద్దరికీ కాపీతో వెళ్లాలి. ఆ పత్రికకు సవరణ కోరుతూ మీరే రాయండి, ఆమెతో రాయించకండి. ఇవన్నీ చేసినా ఆమె విడిపోవచ్చు. అప్పుడు ‘ఇంత చేశాను కదా’ అని మాత్రం అనకండి.

ఆ దరఖాస్తు ఇంకా పంపలేదు కదా. ఒక్క పేరే పట్టే ఆ గడి ఖాళీగా ఉండగానే నిర్వాహకులకు రాయండి, రెండు పేర్లు తీసుకుంటారేమో కనుక్కోండి. కుదరదంటే ఆ కాగితం పట్టుకుని పక్క టేబుల్ దగ్గరికి వెళ్లి, ఇందులో ఏం రాద్దాం అని ఆమెను అడగండి. పంపొద్దు అంటే, ఈ ఏడాదికి పంపకండి.