ఆ పాటల మీద మళ్లీ రాసే ముందు

తమ్ముడూ,

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 2006లో తెచ్చిన ‘ద సీగర్ సెషన్స్’ ఆల్బమ్ మీద నీ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడిచింది. కానీ మొదటి పేరాలోనే ‘పీట్ సీగర్ రాసిన పదమూడు పాటలు’ అన్నావు. సీగర్ అమెరికన్ జానపద గాయకుడే, కానీ ఆయన సొంతంగా రాసిన పాట అందులో ఒక్కటీ లేదు. ‘వి షల్ ఓవర్‌కమ్’ ఇప్పుడున్న రూపంలో ఆయన చెయ్యి ఉంది, పుట్టుక మాత్రం ఆయనది కాదు. మిగతావి ఆయన పాడి పదిమందిలోకి తీసుకెళ్లిన పాటలు.

ఆ పొరపాటే వ్యాసమంతా పాకింది. రాసినవాడు ఒక్కడే అనుకున్నాక, అన్నిటినీ ‘జానపదం’ అని ఒకే గాటన కట్టేశావు. ‘ఓల్డ్ డాన్ టక్కర్’ 1843లో అచ్చయింది. తెల్లవాళ్లు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లవాళ్లను వెక్కిరించిన మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల పాట అది. ‘పే మీ మై మనీ డౌన్’ జార్జియా తీరంలో ఓడలకు సరుకెత్తిన నల్ల కూలీలది. ఈ రెంటినీ ఒకే గొంతుతో మెచ్చుకుంటే ఎట్లా? మొదటిదాని హుషారు గురించి రాసి, ఆ వెక్కిరింత ఊసెత్తకపోతే దాచినట్టే అవుతుంది.

ఒక్కో పాటకు ఒక కాగితం పెట్టుకో. ఎవరు, ఏ పనిలో ఉండి పాడారు, ఎప్పుడు అచ్చయింది, ఏ మాటలు మారాయి, అన్నీ రాసుకో. ఆ తర్వాత పాటను నాలుగుసార్లు విను: ఒకసారి బాంజో, ఒకసారి ఫిడేల్, ఒకసారి అకార్డియన్, చివర బాకాలు. అన్నీ ఒకేసారి వింటే ‘సందడిగా ఉంది’ అన్న మాట తప్ప ఇంకేమీ రాయలేవు.

‘ఓ మేరీ డోంట్ యు వీప్’ దగ్గర ఎక్కువసేపు ఆగు. బానిసత్వం నాటి స్పిరిచ్యువల్ అది, అంటే నల్ల బానిసలు పాడుకున్న భక్తిగీతం. యూదులను బానిసలుగా ఉంచిన ఈజిప్టు రాజు ఫారో సైన్యం మునిగిపోయిందని పాడితే పైకి బైబిల్ కథే, యజమాని ఎదుటే పాడుకోవచ్చు. ఫారో ఎవరో పాడేవాళ్లకు తెలుసు. స్ప్రింగ్‌స్టీన్ అందుకుంటే గుంపంతా వంత పాడుతుంది. అందులోనే, బైబిల్లో జలప్రళయం నుంచి బయటపడిన నోవాకు దేవుడు ఇంద్రధనుస్సు చూపించి, ఇక నీళ్లు రావు, ఈసారి నిప్పే అంటాడు. 2006 ఏప్రిల్ 30న న్యూ ఆర్లీన్స్ జాజ్ ఫెస్టివల్‌లో ఈ పాట పాడారు. ఆ నగరాన్ని ముంచేసిన కత్రినా తుఫాను వరదకు అప్పటికి ఎనిమిది నెలలు. ఇళ్లు నీళ్లపాలైనవాళ్ల ముందు ఆ ‘నీళ్లు’ అన్న మాట ఎంత బరువెక్కి ఉంటుందో ఆలోచించు. నువ్వేమో ‘ఉద్వేగభరితం’ అని ఒక్క మాటతో దాటేశావు. అది కొట్టేసి, ఆ పంక్తినీ ఆ తేదీనీ పక్కపక్కన పెట్టు.

ఇంకొకటి. రికార్డింగ్ అంతా 2006లోనే జరగలేదు. 1997, 2005, 2006ల్లో ఒక్కో రోజు చొప్పున, న్యూజెర్సీలోని ఆయన ఫామ్‌హౌస్‌లో, రిహార్సల్ లేకుండా వాయించారు. వాయిద్యకారులను ఆయన కేకేసి పిలవడం నువ్వు విన్నది అందుకే. దాన్ని లోపమని రాశావు, తీసెయ్యి.

ముందు ‘ఓల్డ్ డాన్ టక్కర్’ పేరా తిరగరాసి పంపు. కష్టమైనది అదే.

మీ అన్న