అమ్మవలసిన కారు ఏది?

ప్రశ్న: నాకు నలభై నాలుగేళ్ళు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో నివాసం, ద్వారకానగర్‌లో ఒక బ్యాంకులో అధికారిగా ఉద్యోగం. మాకు రెండు కార్లున్నాయి. పెద్దది నేను అప్పు చేసి కొన్నది, రోజూ అందులోనే ఆఫీసుకు వెళ్తాను. చిన్నది ఆరేళ్ళ క్రితం అనకాపల్లిలోని మా మామగారు మా ఆవిడ పేరున కొనిచ్చినది. ఆరోగ్యం కోసం, ఖర్చు తగ్గించడం కోసం, ఈ ఊరి గాలికి నా వంతు మేలు చేయడం కోసం చిన్న కారును అమ్మేసి, నేను సైకిల్ మీద ఆఫీసుకు వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. పిల్లల బడికీ, మా అమ్మను నెలనెలా హనుమంతవాకలోని కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికీ పెద్ద కారు ఉండనే ఉంటుంది. మా ఆవిడ మాటిమాటికీ పుట్టింటికి వెళ్ళడం కూడా కొంత తగ్గుతుంది. పని ఒత్తిడి వల్ల నేను కొన్నేళ్ళుగా అనకాపల్లి నూకాలమ్మ జాతరకు కూడా వెళ్ళలేకపోతున్నాను, ఆమే పిల్లలను ఎక్కించుకుని కారు నడుపుకుంటూ వెళ్ళి వస్తుంది. సంపత్ వినాయకుడి గుడి దగ్గర ఆ కారుకు పూజ చేయించిన రోజున మా మామగారు నలుగురిలో ‘అల్లుడు కొనేదాకా ఆగితే మా అమ్మాయి ఆటోల్లోనే ముసలిదైపోతుంది’ అన్నారు. అది పాత సంగతి, ఇప్పుడు దానితో పని లేదు. నా నిర్ణయం చెప్తే మా ఆవిడ ‘మీ ఇష్టం’ అంది, ఆనాటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. నా హోదాలో ఉన్నవాడు సైకిల్ మీద వెళ్తే ఆఫీసులో చులకన అవుతానా? ఇందులోని మంచిని మా ఆవిడకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: హోదా గురించిన ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగవలసిన అవసరం లేదు. సైకిల్ మీద వచ్చిన అధికారి గురించి ఆఫీసులో ఒక వారం మాట్లాడుకుంటారు, తరువాత ఎవరి పనిలో వారు పడతారు. షిప్‌యార్డుకూ ఉక్కు కర్మాగారానికీ షిఫ్టు వేళకు సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళి, ఆ జీతంతోనే పిల్లలను పెద్ద చదువులు చదివించిన తండ్రులున్న ఊరు మనది. ఇక్కడ సైకిల్‌ను నామోషీగా చూసేవారి అభిప్రాయానికి విలువ ఇవ్వకండి. భార్యకు ఎలా నచ్చజెప్పాలన్న రెండో ప్రశ్నకు మాత్రం నేను జవాబు చెప్పను. ఆమె మౌనానికి కారణం మీ ఉత్తరంలోనే ఉంది, దానిని వదిలిపెట్టి సైకిల్ వల్ల కలిగే లాభాలను ఆమెకు ఎంత వివరించినా ప్రయోజనం ఉండదు.

ముందుగా మీరు వేసుకున్న లెక్కను మరొకసారి చూడండి. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలుస్తుంది. మీరు సైకిల్ ఎక్కిన రోజున కాలకుండా మిగిలే ఇంధనం మీరు ఆఫీసుకు తీసుకువెళ్ళే పెద్ద కారుది. ఆ రోజు నుంచి ఇంటి ముందు ఊరికే నిలబడి ఉండే కారు కూడా అదే. ఊరికే నిలబడిన కారుకు సైతం ఏటా బీమా కట్టాలి, బ్యాటరీ దిగిపోకుండా చూసుకోవాలి, అప్పు తీరకపోయి ఉంటే వాయిదాలు చెల్లిస్తూనే ఉండాలి. చిన్న కారు చేసే పనులేమో ఒక్కటీ తగ్గవు. పిల్లలు బడికి వెళ్ళక తప్పదు, మీ అమ్మగారికి కంటి పరీక్ష తప్పదు. చిన్న కారులోనూ మీ ఇంటిల్లిపాదీ పడతారు, సెలవుల్లో అరకు వెళ్ళాలనిపిస్తే కిరండూల్ పాసింజరు ఉంది. మీరు చెప్పిన మూడు కారణాలలో ఆరోగ్యానికి ఏ కారు ఉన్నా ఒకటే, ఖర్చును చూసినా ఊరి గాలిని చూసినా అమ్మవలసినది పెద్ద కారే. అప్పులూ ఆస్తులూ రోజూ చూసే బ్యాంకు అధికారికి ఈపాటి లెక్క అందకపోవడం నేను నమ్మలేను. అందినా మీ చూపు చిన్న కారు మీదే నిలిచిందంటే, మీరు చెప్పని నాలుగో కారణం ఒకటి ఉండి తీరాలి.

ఆ కారణాన్ని మీరే రాశారు, రాసిన వెంటనే దానితో పని లేదన్నారు. ఆరేళ్ళ తరువాత కూడా మామగారి మాటను ఆయన అన్నది అన్నట్టుగా రాయగలిగారు, ఏ గుడి దగ్గర అన్నారో, నలుగురిలో అన్నారో లేదో మీకు గుర్తుంది. ఒక పూటలో వెళ్ళి రాగలిగిన అనకాపల్లికి, అందులోనూ అల్లుడి కోసం అత్తవారు ఎదురుచూసే కొత్త అమావాస్య నాటి నూకాలమ్మ జాతరకు, వెళ్ళడం మానుకున్నారు. పని ఒత్తిడి ఏ బ్యాంకు అధికారికైనా ఉంటుంది, ఏటా సరిగ్గా ఆ పండుగకే అది అడ్డు రావడం నాకు సహజంగా కనిపించలేదు. ఆ కారును చూసినప్పుడల్లా మీకు ఆ మాట వినిపిస్తోందని నేను అనుకుంటున్నాను. అది వాకిట్లో లేకపోతే ఆ మాట కూడా వినిపించదన్న ఆశ మీ నిర్ణయం వెనుక ఉంది.

మీ మామగారు అన్నది తప్పు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కూతురు పసిపిల్లలతో ఆటోల కోసం ఎండలో నిలబడటం చూసి తండ్రి మనసు కష్టపడి ఉండవచ్చు. కష్టపడినవాడు అల్లుణ్ని పక్కకు పిలిచి అడగాలి, సాయం చేస్తానని గౌరవంగా చెప్పాలి. కొత్త బండ్ల పూజకు ఊరంతా వచ్చే చోట, దండ వేసిన కారు ముందు, బంధువులు వింటూ ఉండగా అల్లుడి సంపాదనను తేలిక చేసే హక్కు ఏ మామగారికీ లేదు. ఆ రోజు మీకు కలిగిన అవమానాన్ని నేను చిన్నదిగా చూడటం లేదు. దానికి ఆరేళ్ళుగా మీరు ఎవరికీ జవాబు చెప్పకుండా లోపలే ఉంచుకుని, ఇప్పుడు ఆయన కూతురి చేతిలోని తాళాలు తీసుకోవడం ద్వారా చెప్పబోవడాన్నే తప్పు పడుతున్నాను. అన్నవారు ఒకరు, బాకీ చెల్లించవలసి వచ్చేవారు ఇంకొకరు అయితే అది ఆత్మగౌరవం కాదు.

పుట్టింటికి రాకపోకలు తగ్గుతాయని మీరు లాభాల వరుసలో రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ తల్లిగారిని ఆసుపత్రికి తీసుకువెళ్ళేటప్పుడు మీ ఆవిడ ఎన్నిసార్లు వెళ్ళిందో మీరు లెక్కపెట్టలేదు. ఆమె తన తల్లిదండ్రులను చూడటానికి వెళ్ళినది మాత్రం మాటిమాటికీ అనిపించింది. కోడలికి అత్తగారి పట్ల ఎంత బాధ్యత ఉందో, కూతురికి కన్నవారి పట్ల కూడా అంతే ఉందని నేను గట్టిగా నమ్ముతాను. మీరు అత్తవారింటి గడప తొక్కడం మానేశాక ఆ రెండు ఇళ్ళ మధ్య మిగిలిన సంబంధమంతా ఆమె ఒక్కతే నడుపుకుంటూ వెళ్ళి వచ్చిన ఆ కారులోనే ఉంది. ‘మా ఆయనకు పని ఉండి రాలేదు’ అని తన వాళ్ళకు ఏటా చెప్పుకున్నది కూడా ఆమే అయి ఉంటుంది. ఆమెకు మీ కారణం తెలియదని మీరు అనుకుంటున్నారా? ఆ గుడి దగ్గర ఆమె కూడా నిలబడి ఉంది, తండ్రి మాట విన్నది, మీ ముఖం చూసింది. ఇటు మిమ్మల్ని గానీ అటు తండ్రిని గానీ తప్పు పట్టలేక ఇన్నేళ్ళు ఊరుకున్నది. ఇప్పుడు మీరు నిర్ణయం చేసుకుని వచ్చి వినిపించారు, ఆమె వాదించలేదు. దానిని ఒప్పుకోలుగా తీసుకోకండి.

ఆ కారు అమ్మడం మీ చేతిలో లేదన్న సంగతి కూడా మీకు తెలిసే ఉండాలి. బండి ఎవరి పేరున ఉందో వారు ఫారం 29, ఫారం 30 మీద సంతకం చేస్తేనే యాజమాన్యం బదిలీ అవుతుంది. పుట్టింటివారు ఆడపిల్లకు ఇచ్చినది పూర్తిగా ఆమె సొత్తేనని, భర్త చేతిలో ఉన్నా అది అతనిది కాబోదని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టాన్ని గుర్తుచేయడం మీ ఇంట్లో కోర్టు మాటలు రావాలని కాదు. మీరు ముందుకు తోస్తే ఆమె సంతకం చేసేస్తుందన్న భయం నాకు ఉంది. ఇంట్లో గొడవ వద్దనుకునే ఆడవాళ్ళు ఎన్నిటిమీదో అలాగే సంతకాలు చేస్తారు. మీరు ఆ పరిస్థితి తీసుకురాకండి.

సైకిల్ ఆలోచన మంచిదే, దానిని వదులుకోవద్దు. అయితే దానిని కారు అమ్మకానికి ముడిపెట్టకుండా మొదలుపెట్టండి. మీ వయసులో ముందు రక్తపోటు, చక్కెర చూపించుకుని డాక్టరు సరేనన్నాక దిగండి. మొదట ఆదివారాలు తెల్లవారుజామున, ఆర్కే బీచ్ దగ్గర రోడ్డులో కొంత భాగం నడిచేవారి కోసం వాహనాలకు మూసి ఉంచే వేళలో, అలవాటు చేసుకోండి. ఆఫీసుకు వెళ్ళేటప్పుడు మద్దిలపాలెం వైపు జాతీయ రహదారి మీదికి పోకుండా పెదవాల్తేరు, సిరిపురం, అసిల్‌మెట్ట మీదుగా వెళ్ళండి. వాల్తేరు ఎగువన ఎక్కుడు ఉంటుంది కాబట్టి గేర్లున్న సైకిల్ తీసుకోండి, దిగుడులో రెండు బ్రేకులూ కలిపి మెల్లగా పట్టండి. సిరిపురంలో రోడ్డు పక్కన ఆగి ఉన్న కార్ల తలుపులు ఉన్నట్టుండి తెరుచుకుంటాయి, వాటికి కనీసం ఒక మీటరు ఎడంగా పోవాలి. హెల్మెట్, వెనుక ఎర్ర దీపం తప్పనిసరి. సముద్రపు తేమ వల్ల మన ఊళ్ళో పట్టిన చెమట తొందరగా ఆరదు, ఆఫీసులో ఒక చొక్కా, తువ్వాలు ఉంచుకోండి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చింది అక్టోబరులోనే. ఆ నెలల్లో గాలివాన హెచ్చరిక ఉన్న రోజున పంతానికి పోకుండా బస్సు ఎక్కండి. ఒక వేసవి, ఒక వానాకాలం ఇలా గడిచాక ఇంట్లో ఏ కారు అవసరం లేకుండా పడి ఉందో మీకే కనిపిస్తుంది. అప్పుడు పెద్ద కారు అమ్మండి, లేదా రెండూ ఉంచుకోండి. చిన్న కారు గురించి మీ ఆవిడ తానుగా చెప్పేదాకా ఆ మాట ఎత్తకండి.

దానికన్నా ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ఈ వారమే, పిల్లలు పడుకున్నాక, మీ ఆవిడతో కూర్చుని ‘మీ నాన్నగారి మాట నన్ను ఇప్పటికీ బాధిస్తోంది, ఆ కోపం నీ కారు మీద చూపించబోయాను’ అని ఆమెకు చెప్పండి. ఆమె ఏమన్నా పూర్తిగా వినండి, మధ్యలో సైకిల్ ప్రస్తావన తేకండి. తరువాత ఒక ఆదివారం మీరు ఒక్కరే అనకాపల్లి వెళ్ళండి. ఎందుకు వెళ్తున్నారో ఆమెకు చెప్పి వెళ్ళండి, వెంట మాత్రం తీసుకువెళ్ళకండి. తండ్రికీ భర్తకూ మధ్య కూర్చుని ఎవరి వైపు చూడాలో తెలియని స్థితి ఆమెకు మరొకసారి రాకూడదు. మీ మామగారితో నలుగురి ముందు కాకుండా, గదిలో ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడండి. ‘ఆ రోజు మీరన్న మాట నాకు చాలా కష్టం కలిగించింది, అందుకే ఈ ఇంటికి రాలేకపోయాను, అది మీకు తెలియాలని వచ్చాను’ అంటే చాలు. ఆయనను క్షమాపణ చెప్పమని అడగకండి, కారు ధర తిరిగి ఇస్తానని అసలే అనకండి, ఆయన తన కూతురికి ఇచ్చినదానికి మీరు వెల కట్టకూడదు. ఆయన నొచ్చుకోవచ్చు, అలా అన్నానా అని ఆశ్చర్యపోవచ్చు, మొండికేయనూ వచ్చు. ఏమన్నా మీరు గొంతు పెంచకుండా, అత్తగారు పెట్టిన భోజనం చేసి, ‘జాతరకు అందరం కలిసి వస్తాం’ అని చెప్పి రండి.