విషాన్ని విరగగొట్టే గుడ్డ: టెక్స్‌టైల్ చదవాలా, కెమిస్ట్రీ చదవాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా, మిర్చి సాగు చేస్తాం. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి, విషరసాయనాల నుంచి కాపాడే వస్త్రాలపై పని చేస్తానంటోంది. టెక్స్‌టైల్ అంటే మగ్గాలు, మిల్లులే కదా?

జవాబు: ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పొలంలో పురుగుమందు కొట్టే మీకు, అమ్మాయికి ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో నేను చెప్పనక్కరలేదు. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు చర్మం గుండా ఒంట్లో చేరి, నరాలకు అత్యవసరమైన ఎసిటైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. మామూలు నూలు చొక్కా ఆ తుంపరను పీల్చి ఒంటికే అంటిస్తుంది. ప్లాస్టిక్ కోటు ఆపుతుంది గానీ, మన ఎండల్లో దాన్ని ఎంతోసేపు భరించలేరు. బెంగళూరులోని ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలో డాక్టర్ ప్రవీణ్ వేముల బృందం ఆక్సిమ్ అనే రసాయన సమూహాన్ని నూలు గుడ్డకే బంధించింది. మందు తగిలినప్పుడు దాని అణువు విరిగి విషప్రభావం పోతుంది. ఉతికి మళ్లీ తొడుక్కోగల ఆ దుస్తులు 2024 డిసెంబరులో ‘కిసాన్ కవచ్’ పేరుతో విడుదలయ్యాయి. అప్పటి ధర సుమారు 4,000 రూపాయలు. యుద్ధాల్లో వాడిన సారిన్ వాయువుదీ ఇదే రసాయన కుటుంబం కాబట్టి, రక్షణ పరిశోధనకూ ఈ విద్య పనికొస్తుంది.

అంటే ఇది గుడ్డ మీద జరిగే కెమిస్ట్రీ. బీటెక్ టెక్స్‌టైల్ టెక్నాలజీ ఉస్మానియా టెక్నాలజీ కళాశాలలో ఎప్‌సెట్ ద్వారా, జలంధర్ ఎన్ఐటీలో జేఈఈ మెయిన్ ద్వారా దొరుకుతుంది. ఢిల్లీ ఐఐటీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. అయితే ఒక్క బీటెక్‌తో ఎక్కువగా దొరికేవి మీరన్న ఆ మిల్లు ఉద్యోగాలే. పరిశోధనకు గేట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్, ఆపై పీహెచ్‌డీ చేయాలి. ఇంటర్ తరువాత పదేళ్లు పట్టవచ్చని ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తే ఖర్చు భారం చాలావరకు తగ్గుతుంది.

కొత్త అణువులను తయారుచేయాలన్నదే ఆమె కోరికైతే బీఎస్సీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ, ఆపై పరిశోధన ఫెలోషిప్ కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష దారి మేలు. ఆ అణువు గుడ్డను పట్టుకుని ఉతుకులకు నిలిచేలా, చెమట ఆరేలా చేయడం ఇష్టమైతే టెక్స్‌టైల్ మేలు. నా మొగ్గు రెండోదానికే. ప్రయోగశాలలో నెగ్గిన గుడ్డ పొలంలో ఓడేది ఎక్కువగా ఆ ఉతుకులు, చెమట దగ్గరే అని నా అభిప్రాయం. ఆప్షన్లు పెట్టేముందు అనుమతి తీసుకుని, కళాశాలలోని అద్దకం, ఫినిషింగ్ ల్యాబును ఆమెకు ఒకసారి చూపించండి.