కొత్త పెట్టెలోని తూటా ‘టప్’ మంటే?

ప్రశ్న: నమస్కారం సార్. నేను పిస్టల్ ప్రాక్టీస్ మొదలుపెట్టి కొన్నాళ్లే అయింది. ఈమధ్య 9 ఎంఎం తూటాల కొత్త పెట్టె విప్పాను. ఒకటి అసలు పేలలేదు. మరొకటి ‘టప్’ మని చిన్నగా మోగింది, చేతికి ఊపే తగల్లేదు. రేంజ్ ఆఫీసర్ గట్టిగా అరిచి ఆపేశారు. ఫ్యాక్టరీ తూటాల్లో కూడా ఇలా వస్తాయా? మిగిలినవి వాడొచ్చా?

జవాబు: వస్తాయి. మిగిలినవి వాడకండి. ఆ ఆఫీసర్ మీకు చేసింది చిన్న మేలు కాదు.

‘టప్’ మందంటే కేసులో, అంటే తూటా ఇత్తడి గొట్టంలో, పేలుడు మందు పడలేదు, లేదా బాగా తక్కువ పడింది. కేసు అడుగున ఉండి మందుని అంటించే ప్రైమర్ ఒక్కటే పేలినా, తూటా కొసన ఉండే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టేస్తుంది. బయటికి పంపేంత బలం మాత్రం దానికి ఉండదు. బుల్లెట్ మధ్యలో ఇరుక్కుపోతుంది. దీన్ని స్క్విబ్ అంటారు. దాని వెనకే మామూలు తూటా పేల్చారంటే బ్యారెల్ ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలిపోతుంది. అందుకే శబ్దం తేడాగా ఉన్నా, ఊపు తగ్గినా ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయాలి. పిస్టల్ టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ప్రైమర్ ఆలస్యంగా అంటుకునే తూటాలూ ఉంటాయి. తర్వాత మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి వెలుతురుకు ఎత్తి చూడండి. ఏదైనా అడ్డుగా కనిపిస్తే తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కి ఇచ్చేయండి. ఇంకో తూటాతో తోసేద్దామనే ఆలోచనే వద్దు.

నేను చాలా ఏళ్లు తూటాల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేశాను. జనం అనుకున్నట్టు ప్రతి తూటానీ పేల్చి చూడటం కుదరదు. పేల్చిన తూటా ఇక అమ్మడానికి ఉండదు కదా! ప్రతి లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) నుంచి కొన్ని తీసి వేగం, పీడనం కొలుస్తారు. తూటాలకి ప్రమాణాలు పెట్టే యూరప్ సంస్థ సీఐపీ లెక్క ప్రకారం 9 ఎంఎం తూటాకి పీడనం హద్దు 2350 బార్లు, మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు దాటకూడదు. మిగతా సరుకంతా గేజ్‌ల మీద, సెన్సర్ల మీద, మనిషి కళ్ల మీద ఆధారపడి బయటికి వెళ్తుంది.

తూకం వేసి పట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. మామూలు 9 ఎంఎం బుల్లెట్ సుమారు ఏడున్నర గ్రాములు, ఇత్తడి కేసు నాలుగు గ్రాముల దాకా ఉంటాయి. మందు గ్రాములో మూడో వంతు. కేసుకీ కేసుకీ, బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ బరువు కాస్త మారుతుంది. ఆ తేడాలోనే మందు కొరత దాక్కుంటుంది. అసలు మందే లేనిది దొరికితే దొరకొచ్చు గానీ సగం పడినది దొరుకుతుందని నమ్మకం లేదు.

మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఒకటుంది: మెషిన్ తప్పు ఒంటరిగా రాదు. కేసు అడుగున ప్రైమర్ మంట లోపలికి వెళ్లే చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని పొడిచే పిన్ను విరిగితే, ఎవరో ఒకరు గమనించేదాకా వచ్చే ప్రతి కేసూ రంధ్రం లేకుండానే వస్తుంది. మందు పోసే దగ్గర ఏదైనా అడ్డుపడినా ఇంతే, వరసగా కొన్ని తూటాలు పాడవుతాయి. ఒకే పెట్టెలో రెండు లోపాలు కనిపించాయంటే ఆ పెట్టెనే కాదు, అదే లాట్ నంబర్ ఉన్న పెట్టెలన్నీ పక్కన పెట్టండి. నంబర్ రాసుకుని, ఫొటో తీసి కంపెనీకి పంపండి. కంపెనీలు సరుకు వెనక్కి పిలిచేది ఆ నంబర్ చూసే. అందరి తూటాలూ ఒకే సంచిలో కుమ్మరించే అలవాటు చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. నంబర్ పోయాక చేయగలిగేదేమీ లేదు.

పేలని తూటా ప్రైమర్ మీద గుంట ఎలా ఉందో చూడండి. నొక్కు లోతుగా, నడిమధ్యన ఉంటే తప్పు ఎక్కువగా తూటాదే. పైపైన తగిలినట్టుంటే ఫైరింగ్ పిన్నో, స్ప్రింగో చూపించుకోవాలి. ప్రైమర్ పూర్తిగా లోపలికి దిగకపోయినా నొక్కు అలా తేలికగానే పడుతుంది. మొదటి దెబ్బ దాన్ని లోపలికి దింపడానికే సరిపోతుంది.

ప్రశ్న: రోజూ పిస్టల్‌లోకి ఎక్కించి దింపే తూటా కొంచెం పొట్టిగా కనిపిస్తోంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదమ్మా. ఎక్కించిన ప్రతిసారీ బుల్లెట్ ముక్కు ఛాంబర్‌లోకి దారి చూపే వాలుకి (ర్యాంప్) గుద్దుకుని కొద్దికొద్దిగా కేసులోకి దిగుతుంది. లోపల చోటు తగ్గితే పీడనం ఒక్కసారిగా పెరుగుతుంది. అదే పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడండి. తేడా కంటికి తెలిస్తే ఆ తూటా పేల్చొద్దు. కొత్త తూటాలోనే బుల్లెట్ బొటనవేలితో నొక్కితే కదులుతోందంటే మాత్రం అది ఫ్యాక్టరీ లోపం, కేసు మూతి బిగువుగా లేదని అర్థం.

ప్రశ్న: పాత స్టాక్‌లో కొన్ని కేసుల మూతి దగ్గర సన్నని గీతలున్నాయి. తుడిస్తే పోతాయా?

జవాబు: పోవు, అవి పగుళ్లు. ఇత్తడిని సాగదీసినప్పుడు లోపల బిగువు మిగిలిపోతుంది, వేడి చేసి దాన్ని తగ్గించాలి. ఆ పని సరిగా జరగని కేసుకి అమోనియా తగిలితే చీలుతుంది. బ్రిటిష్ కాలంలో మన దేశంలో గుర్రపుశాలల్లో దాచిన తూటాలు వానాకాలంలో పగిలేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమోనియానే కారణమని 1921లో తేలింది. అమోనియా కలిసిన పాలిష్‌తో తూటాలు తుడవకండి. ఇప్పటికే గీతలు పడినవి విడిగా పెట్టి, పాత సరుకు తీసుకునే అధీకృత డీలర్‌కి అప్పగించండి.